ఇంగ్లీషు మీడియం తరగతిలో తెలుగు ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ ఆపాలి?

రేగడి_గణితం

అందరికీ నమస్కారం. మీడియం ఏది ఉండాలన్న వాదన మళ్లీ మొదలుపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆంధ్రలో ప్రభుత్వ బడులన్నిటికీ ఇంగ్లీషు మీడియం 2019 నవంబరు నాటి జీవో 81 (ప్రభుత్వ ఉత్తర్వు)తో మొదలైంది. తెలంగాణలో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు పెట్టి, తర్వాత ఏడాదికొకటి చొప్పున తొమ్మిది, పది కలిపారు. పుస్తకం చేతికి వచ్చేసింది. రేపు పొద్దున ఆ పుస్తకం పట్టుకుని తరగతిలో నిలబడేది మనమే. అందుకే అడుగుతున్నాను: మీ సబ్జెక్టులో పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడు? అక్కడ తెలుగు ఎంత, ఇంగ్లీషు ఎంత?

గణితం సంగతి ముందు నేను చెబుతాను. ఏడో తరగతి సామాన్య సమీకరణాలలో వచ్చే తప్పుల్లో చాలావాటికి లెక్క రాకపోవడం కారణం కాదు. వాక్యం తలకిందులుగా ఉంటుంది. తెలుగులో "ఎక్స్ కన్నా 5 తక్కువ" అంటాం. విన్న వరుసలోనే రాసుకుంటూ పోతే ఎక్స్ − 5 వచ్చేస్తుంది. ఇంగ్లీషులో అదే "ఫైవ్ లెస్ దాన్ ఎక్స్". పిల్లవాడు విన్న వరుసలో రాస్తే 5 − ఎక్స్ అవుతుంది. "సబ్‌ట్రాక్ట్ ఫైవ్ ఫ్రమ్ ట్వెల్వ్" దగ్గరా ఇదే తప్పు. బోర్డు మీద "దాన్", "ఫ్రమ్" మాటలకు సున్నా చుట్టించి, తీసివేతలో వీటి తర్వాత ఉన్నదాన్ని ముందు రాయాలని అలవాటు చేయాలి. ఆ వెంటనే "ఫైవ్ ఈజ్ లెస్ దాన్ ఎక్స్" కూడా రాసి పక్కన పెట్టాలి. మధ్యలో "ఈజ్" చేరేసరికి అక్కడ తీసివేత లేదు, పోలిక వచ్చింది. ఈ రెండు వాక్యాలూ ఒకే రోజు పక్కపక్కన చూపించకపోతే తర్వాత విడదీయడం కష్టం.

భిన్నాలదీ అదే కథ. "నాలుగింట మూడు" అన్నప్పుడు హారం ముందు వినిపిస్తుంది. "త్రీ ఫోర్త్స్" అన్నప్పుడు లవం ముందు. ఇంట్లో మొదటిది విన్న పిల్లలు కొన్నాళ్లు రెండూ కలిపేస్తారు.

"ఎట్ లీస్ట్ ఫైవ్" అంటే కనీసం 5, అంటే 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ. పిల్లవాడి చెవికి "లీస్ట్" ఒక్కటే తగిలి చిన్నది గుర్తు పెడతాడు. "ఎట్ మోస్ట్" వింటే పెద్దది గుర్తు పెడతాడు. ఇక్కడ "కనీసం", "మించకుండా" అన్న తెలుగు మాటలు చెప్పి తీరాలి. చెప్పడానికి పది సెకన్లు పట్టదు.

ఇంకొకటి, మనమే చేస్తున్న పొరపాటు. ఎక్కాల దగ్గర నుంచి "త్రీ ఇన్‌టు ఫోర్" అంటే గుణకారం అని నేర్పుతాం. తర్వాత పుస్తకంలో "డివైడ్ ది రోప్ ఇన్‌టు ఫోర్ ఈక్వల్ పార్ట్స్" వస్తుంది. ఆ "ఇన్‌టు" చూసి గుణించేవాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. గుణకారానికి మొదటి నుంచే "టైమ్స్" వాడితే ఈ చిక్కు రాదు.

మెట్ట_హెచ్ఎం

మాస్టారూ, మంచి ప్రశ్న. పరిశీలనకు తరగతుల్లో కూర్చున్నప్పుడు ఎక్కువగా కనిపించేది ఇది: టీచర్ ఇంగ్లీషు వాక్యం ఒకటి చదువుతారు, వెంటనే తెలుగులో చెబుతారు. మళ్లీ ఒక వాక్యం, మళ్లీ తెలుగు. వారం తిరగకుండానే పిల్లలకు కిటుకు దొరికిపోతుంది. ఇంగ్లీషు వాక్యం నడుస్తున్నంతసేపూ చెవులు మూసుకుని తెలుగు కోసం ఎదురుచూస్తారు. ఏడాదంతా ఇంగ్లీషు చెవిన పడుతుంది గానీ లోపలికి పోదు.

దీనికి తెలుగును ముక్కలు చేయకుండా, పీరియడ్ మొదట్లో ఒక గడ్డగా, చివర్లో ఒక గడ్డగా పెట్టాలి. 45 నిమిషాల పీరియడ్ అయితే మొదటి పది నిమిషాలు పాఠంలోని అసలు విషయం మొత్తం తెలుగులో, వస్తువు చూపించి, ప్రశ్నలు వేసి మాట్లాడించండి. తర్వాత ఇరవై నిమిషాలు పుస్తకంలోని ఒకే ఒక పేరా ఇంగ్లీషులోనే. విషయం ముందే తెలుసు కాబట్టి పిల్లవాడు ఊహించుకుంటూ చదవగలడు. ఈ ఇరవై నిమిషాల్లో అనువాదం చేయకూడదు. బొమ్మ మీద వేలు పెట్టండి, చేసి చూపించండి, అదే వాక్యాన్ని చిన్నది చేసి చెప్పండి. తర్వాత పది నిమిషాలు జంటగా కూర్చుని ఏ భాషలోనైనా చర్చించుకుని, ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయాలి. చివరి ఐదు నిమిషాలు తెలుగులో "ఇవాళ ఏం తెలిసింది?" అని ముగ్గురు నలుగురి చేత చెప్పించాలి.

పాఠం మొత్తం ఒక పీరియడ్‌లో లాగించేద్దామనుకుంటే ఇది పనిచేయదు. ఒక పేరాకే కట్టుబడాలి.

"అర్థమైందా?" అని అడగడం కూడా మానేయాలి. "ఎస్ సార్" అని కోరస్ వస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. "ఈ రెండింటిలో ఏది ముందు జరుగుతుంది, వేలు చూపించు" లాంటి ప్రశ్న అయితే మాట రాని పిల్లవాడు కూడా జవాబు ఇవ్వగలడు.

జీవశాస్త్రం_ఎస్ఏ

హెచ్ఎం గారు చెప్పిన మధ్య ఇరవై నిమిషాల దగ్గరే మా సబ్జెక్టులో దెబ్బ పడుతోంది. మనం నిజంగా మాట్లాడే భాష ఇలా ఉంటుంది: "వాటర్‌ని హీట్ చేస్తే అది ఎవాపొరేట్ అవుతుంది." మాటలు ఇంగ్లీషు, వాక్యం తెలుగు. పిల్లవాడికి వాటర్, హీట్, ఎవాపొరేట్ అనే మూడు మాటలు అందుతాయి. ఇంగ్లీషు వాక్యం ఒక్కటి కూడా అందదు. పరీక్షలో అతను రాయాల్సింది "వెన్ వాటర్ ఈజ్ హీటెడ్, ఇట్ ఎవాపొరేట్స్". అందులోని వెన్, ఈజ్, ఇట్, చివరి ఎస్ మన నోట ఎప్పుడూ రాలేదు. ఎక్కడినుంచి తెచ్చి రాస్తాడు? అందుకే అతని జవాబు "వాటర్ హీట్ ఎవాపొరేట్" దగ్గర ఆగిపోతుంది. తెలుసు గానీ రాయలేడు.

కలగాపులగం మాట్లాడటం మానేయమని నేను అనను, అది మానలేం. కానీ ఒక్కో అంశం అయిపోగానే ఆ విషయాన్ని నిండు ఇంగ్లీషు వాక్యంగా ఒకసారి నెమ్మదిగా చెప్పండి. పిల్లల చేత రెండుసార్లు అనిపించండి. బోర్డు మీద ఎడమ మూల రాసి పీరియడ్ అయ్యేదాకా చెరపకండి. ఒక పీరియడ్‌కు అలాంటి వాక్యాలు మూడు చాలు. పది రాస్తే ఒక్కటీ మిగలదు.

ఇక పారిభాషిక పదాలు. ట్రాన్స్‌పిరేషన్, రెస్పిరేషన్, పర్‌స్పిరేషన్ మూడూ ఒకేలా వినిపిస్తాయి. మొదటిది ఆకుల నుంచి నీరు ఆవిరై పోవడం, రెండోది శ్వాసక్రియ, మూడోది చెమట పట్టడం. బట్టీ పట్టిస్తే పరీక్ష రోజు కచ్చితంగా తారుమారవుతాయి. పదాన్ని విరిచి చూపించండి: స్పిర్ అంటే ఊపిరి, ట్రాన్స్ అంటే ఆవలికి, రీ అంటే మళ్లీ. ఫోటోసింథసిస్ కూడా అంతే, ఫోటో కాంతి, సింథసిస్ కలిపి తయారుచేయడం. పక్కనే కిరణజన్య సంయోగక్రియ రాసి అదీ విరవండి: కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. రెండు భాషల పదాలూ ఒకే మాట చెబుతున్నాయని చూడగానే పిల్లల ముఖాలు వెలుగుతాయి.

కొన్ని చోట్ల తెలుగు పదమే మేలు. మైటోసిస్, మియోసిస్ చెవికి దాదాపు ఒకటే. సమవిభజన, క్షయకరణ విభజన అనగానే ఎందులో క్రోమోజోముల సంఖ్య తగ్గుతుందో మాటే చెప్పేస్తుంది.

సెల్ అన్న మాట దగ్గర ఆగండి. పిల్లవాడికి సెల్ అంటే ఫోను, టార్చిలైటులో వేసేది. "కణం" అనకుండా పాఠం మొదలుపెట్టొద్దు.

సమాన_అవకాశం

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. తెలుగు మీడియంలో పిల్లవాడికి అంతా సుఖంగా అర్థమయ్యేదన్నట్టు మాట్లాడుకుంటున్నాం. బాష్పోత్సేకం ఏ ఇంట్లో మాట్లాడతారు? విస్థాపనం, త్వరణం, లంబకోణ సమద్విబాహు త్రిభుజం? అవీ కొత్త భాషే. కూలికి పోయే తల్లి కూడా అప్పుచేసి ప్రైవేటు బడికి పంపేది ఇంగ్లీషు కోసమే. ప్రభుత్వ బడిలో అది ఉచితంగా దొరుకుతుంటే, భాష పేరు చెప్పి ఆ పిల్లల్ని వెనక్కి లాగకూడదు. 2008లోనే సక్సెస్ స్కూళ్ల పేరుతో వేలాది ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం తెచ్చారు. మనకు ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. మన శిక్షణ సరిగా లేదనండి, ఒప్పుకుంటాను. పిల్లలకు చేతకాదనొద్దు.

తెలుగు_పండిట్

పిల్లలకు చేతకాదని ఎవరూ అనలేదండీ. తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే, దాన్ని తక్కువ చేయను. కానీ బాష్పోత్సేకం ఉదాహరణ సగమే నిజం. "మొక్కలు తమ ఆకుల నుంచి నీటిని ఆవిరి రూపంలో కోల్పోవడాన్ని బాష్పోత్సేకం అంటారు." ఈ వాక్యంలో పిల్లవాడికి తెలియని మాట ఒక్కటి. మిగతావి పట్టుకుని ఆ ఒక్కదాన్నీ పట్టేస్తాడు. ఇంగ్లీషు వాక్యంలో ట్రాన్స్‌పిరేషన్‌తో పాటు లూజ్, ఇన్ ది ఫామ్ ఆఫ్, త్రూ, ఈజ్ కాల్డ్ కూడా తెలియవు. పట్టుకోవడానికి కొమ్మ ఉండదు.

చట్టాలు కూడా ఊరికే రాయలేదు. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. అది భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లల కోసం. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించమంటుంది. జాతీయ విద్యావిధానం 2020 కనీసం ఐదో తరగతి వరకు అంటుంది. మరోవైపు 2014లో సుప్రీంకోర్టు కర్ణాటక కేసులో ప్రభుత్వం మాతృభాషా మాధ్యమాన్ని బలవంతంగా రుద్దకూడదని తీర్పిచ్చింది. జీవో 81ని 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయాలు సేకరించి ముందుకెళ్లింది. ఈ లాగులాటలో మన దగ్గరికి వచ్చిన ఒక మంచి వస్తువు ద్విభాషా పుస్తకం: ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. దాన్ని సరిగా వాడుతున్నవాళ్లు తక్కువ.

వాడే పద్ధతి ఇది. ముందు రోజు ఇంటిపనిగా తెలుగు పేజీ చదువుకు రమ్మనాలి. తరగతిలో తెలుగు పేజీ మీద కాగితం కప్పి ఇంగ్లీషు పేజీ చదివించాలి. అర్థంకాని వాక్యం కింద పెన్సిల్ గీత గీయించి, అప్పుడే ఎదుటి పేజీ తెరిచి ఆ వాక్యం ఎక్కడుందో వెతికించాలి. వెతకడమే అసలు చదువు. రెండు పేజీలూ తెరిచి ఉంటే ఎవరూ ఇంగ్లీషు వైపు చూడరు.

సమాన_అవకాశం

కాగితం కప్పే పద్ధతి బాగుంది. పట్టుకోవడానికి కొమ్మ అన్న మాటా ఒప్పుకుంటున్నాను. అయితే ఆ లూజ్, త్రూ, ఈజ్ కాల్డ్ నేర్పాల్సింది ఆరో తరగతి సైన్సు పీరియడ్‌లో కాదు, కింది తరగతుల ఇంగ్లీషు పీరియడ్‌లో. ప్రాథమిక పాఠశాల టీచర్లు ఏమంటారు?

ఒకటో_తరగతి

ఒకటి, రెండు తరగతుల్లో మొదటి రెండు నెలలు పుస్తకం తెరవకుండా మాట మీదే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. కమ్, గో, గివ్, టేక్, ఓపెన్, క్లోజ్ లాంటి పాతిక ముప్పై ఆజ్ఞలు, చేసి చూపిస్తూ. విన్నది శరీరంతో చేస్తే చాలు, తిరిగి అనాల్సిన పనిలేదు.

చదవడం దగ్గర పెద్ద పొరపాటు అక్షరాల పేర్లతో మొదలుపెట్టడం. "సీ ఏ టీ" అని కలిపితే "సియేటి" వస్తుంది గానీ క్యాట్ ఎలా వస్తుంది? తెలుగులో అక్షరం పేరూ ధ్వనీ ఒకటే. క అంటే క. ఇంగ్లీషులో వేరని పిల్లకి ఎవరూ చెప్పరు. అందుకని ధ్వనులతో మొదలుపెట్టాలి. ముందుగా ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరింటి ధ్వనులు చాలు. వాటితోనే స్యాట్, పిన్, టిన్, ట్యాప్, ప్యాన్, న్యాప్ వచ్చేస్తాయి. వారానికి రెండు ధ్వనులకు మించొద్దు.

ధ్వని పలికేటప్పుడు చివర అచ్చు చేర్చకూడదు. మనకు హల్లుతో మాట ఆపడం అలవాటు లేదు. బుక్కు, పెన్ను, బస్సు అంటాం. "ప ఇ న" అని నిండు అక్షరాలుగా పలికితే కలిపినప్పుడు పిన్ రాదు. పెదవులు మూసి గాలి మాత్రమే వదలడం అద్దం పెట్టి చూపించాలి. క్యాట్‌లోని అచ్చు కోసం కోస్తా వైపు "మేక" అన్నప్పుడు నోరు ఎలా తెరుచుకుంటుందో గుర్తుచేస్తే పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

ఇంగ్లీషు మాట మీద తెలుగులో ఉచ్చారణ రాసుకునే అలవాటును మూడో తరగతిలోనే ఆపాలి. పైన "ఎలిఫెంట్" అని తెలుగులో ఉంటే కన్ను దాన్నే చదువుతుంది. కింది ఇంగ్లీషు అక్షరాలను చూడను కూడా చూడదు. కావాలంటే అర్థం తెలుగులో రాసుకోనివ్వండి, ఉచ్చారణ మాత్రం వద్దు.

థర్టీన్, థర్టీ డిక్టేషన్‌లో ఎప్పుడూ కలిసిపోతాయి. పైగా థర్టీన్‌లో మూడు ముందు వినిపిస్తుంది కాబట్టి కొందరు 31 రాస్తారు. పదమూడులో పది ముందుంటుంది, అందుకే తెలుగులో ఈ తప్పు రాదు. 11 నుంచి 19 వరకు రెండు భాషల్లోనూ పుల్లల కట్టలతో చేయించాలి: ఒక పది కట్ట, మూడు విడి పుల్లలు.

కొండబడి

మీరంతా తెలుగు అంటున్నప్పుడు అది ఇంటి భాష అనుకుంటున్నారు. పాడేరు, సీతంపేట, ఉట్నూరు వైపు తెలుగే రెండో భాష. ఇంట్లో కువి, సవర, గోండి, కొలామీ. గోండు పాపకు ఏర్ అంటే నీళ్లు. బడికొచ్చాక నీళ్లు నేర్చుకోవాలి, తర్వాత వాటర్. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసి మాతృభాషతో మొదలుపెట్టే కార్యక్రమం నడిపారు. దాని వెనకున్న ఆలోచన ఇప్పటికీ సరైనదే.

టీచరుకు ఆ భాష రాకపోయినా చేయగలిగింది ఉంది. ఊళ్లో పదో తరగతి దాకా చదివిన అమ్మాయినో అబ్బాయినో భాషా వలంటీరుగా పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి నెలలో ఒక వంద మాటల పట్టిక రాసుకోవాలి: శరీర భాగాలు, నీళ్లు, అన్నం, చెట్టు, రా, కూర్చో, నొప్పి, ఆకలి. ఇంటి మాట, తెలుగు మాట, ఇంగ్లీషు మాట మూడు గళ్లలో తెలుగు లిపిలోనే. గోడకు పిల్లల ఎత్తులో అంటించాలి. కొత్త పాఠంలో కథ ముందు వలంటీరు ఇంటి భాషలో చెప్పాలి, మర్నాడు టీచరు తెలుగులో, ఆ తర్వాతే ఇంగ్లీషులో. ఒకే రోజు మూడూ చెబితే పిల్లలు మౌనంగా ఉండిపోతారు. ఆ మౌనాన్ని మందబుద్ధి అనుకోవడం అన్నిటికన్నా పెద్ద అన్యాయం.

పీయూసీ_ఫిజిక్స్

పదో తరగతి తర్వాత మా దగ్గరికి వచ్చే పిల్లల్లో కనిపించేది చెబుతాను, కింది తరగతుల వాళ్లకు పనికొస్తుంది. ఇంగ్లీషు మీడియంలో జవాబులు బట్టీ పట్టి వచ్చినవాళ్లు కొత్త పేరా చదవలేరు. తెలుగు మీడియంలో విషయం గట్టిగా నేర్చుకున్నవాళ్లు మొదట తడబడినా తర్వాత నిలదొక్కుకుంటారు. కాబట్టి మార్కుల కన్నా, చూడని పేరా ఒకటి వారానికోసారి చదివించడం ముఖ్యం.

భౌతికశాస్త్రంలో కఠిన పదాలు ఎక్కువ ఇబ్బంది పెట్టవు. తెలిసిన పదాలే పెడతాయి. "ఎ బాడీ స్టార్ట్స్ ఫ్రమ్ రెస్ట్" చదివి శరీరం, విశ్రాంతి అనుకుంటారు. వస్తువు తొలివేగం సున్నా అని అక్కడ దాగున్న సంఖ్య కనిపించదు, దత్తాంశంలో ఒకటి తక్కువై లెక్క ఆగిపోతుంది. "యూనిఫామ్ స్పీడ్" అంటే బడి దుస్తులు గుర్తొస్తాయి. పవర్ అంటే కరెంటు. తెలుగు పుస్తకంలో స్పీడుకు వడి, వెలాసిటీకి వేగం అని వేర్వేరు మాటలున్నాయి. ఇంట్లో రెండూ స్పీడే. ఆ తేడా తెలుగులో ఒకసారి గట్టిగా నాటితే చాలు.

రేగడి_గణితం

"ఫ్రమ్ రెస్ట్" అద్భుతమైన ఉదాహరణ. లెక్కల్లో ప్రోడక్ట్, టేబుల్, రూట్, ఆడ్, మీన్ ఇలాంటివే. హెచ్ఎం గారూ, మూల్యాంకనం సంగతి ఏమిటి? విషయం తెలిసి ఇంగ్లీషు తప్పు రాసినవాడికి ఎన్ని మార్కులు?

మెట్ట_హెచ్ఎం

పబ్లిక్ పరీక్ష నియమాలు మన చేతిలో లేవు. బడిలో పెట్టుకునే స్లిప్ టెస్టులు మన చేతిలోనే ఉన్నాయి. నాలుగు మార్కుల ప్రశ్నకు మూడు విషయానికి, ఒకటి వాక్యానికి పెట్టి రెండూ విడిగా వేయండి. 3+0 వచ్చినవాడికి సైన్సు మళ్లీ చెప్పక్కర్లేదు, ఇంగ్లీషు వాక్యం చెప్పాలి. 1+1 వచ్చినవాడు బట్టీ పట్టాడు, అతనికి పాఠమే మళ్లీ చెప్పాలి. రెండూ కలిపి 3, 2 అని వేస్తే ఎవరికి ఏం కావాలో తెలియదు. భాగాలు గుర్తించిన బొమ్మకు విషయం మార్కులు ఇచ్చేయండి.

ప్రశ్నలోని క్రియలు కూడా నేర్పాలి. డిఫైన్, స్టేట్, డిస్టింగ్విష్, జస్టిఫై, డిరైవ్. డిస్టింగ్విష్ అన్నచోట ఒకదాని గురించే పేజీ రాసేవాళ్లకు విషయం రాక కాదు. రెండు గళ్ల పట్టిక గీయాలని ఆ మాట చెబుతోందని తెలియదు. ఇలాంటి క్రియలు పన్నెండు ఉంటాయేమో. ఒక చార్టు మీద క్రియ, తెలుగు అర్థం, జవాబు ఎలా కనిపించాలో చిన్న నమూనా రాసి పెట్టండి.

జీవశాస్త్రం_ఎస్ఏ

చార్టుతో పాటు పిల్లల నోటుపుస్తకంలో కూడా ఉండాలి. చివరి పేజీల నుంచి వెనక్కి పదకోశం రాయిస్తే వెతకడం తేలిక. ఒక్కో పదానికి నాలుగు గళ్లు: ఇంగ్లీషు పదం, తెలుగు పదం, చిన్న బొమ్మ, ఆ పదంతో పిల్లవాడు సొంతంగా రాసిన ఒక ఇంగ్లీషు వాక్యం. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ పదం ఇంకా రానట్టే. రోజుకు మూడు పదాలు చాలు. శనివారం పక్కవాడు రెండో గడి చేత్తో మూసి అడుగుతాడు, జవాబు చెప్పలేని పదానికి చుక్క పెడతాడు. సోమవారం పాఠం ఆ చుక్కలున్న పదాలతోనే మొదలుపెట్టండి.

ఒకటో_తరగతి

నాలుగు గళ్ల పద్ధతి మూడో తరగతికి పనిచేస్తుందా మేడమ్?

జీవశాస్త్రం_ఎస్ఏ

నాలుగో గడి తీసేసి మూడు గళ్లతో మొదలుపెట్టండి మేడమ్. వాక్యం రాయించే బదులు నోటితో చెప్పించి, చెప్పినవాళ్లకు బొమ్మ పక్కన టిక్కు పెట్టండి. దసరా సెలవుల తర్వాత నాలుగో గడి కలపొచ్చు.